చెర దాటిన బాకీ

చెరసాల నుంచి తప్పించుకునే కథలో పైకి కనిపించేవి గోడ, తాళం, కాపలా, సొరంగం. కథను నడిపేది మాత్రం ఎవరు ఎవరికి ఎంత బాకీ పడ్డారన్న లెక్క. తెలుగులో బాకీ అన్న మాట సొమ్ముతోనే ఆగదు. తిన్న ఉప్పుకు బాకీ ఉంటుంది, పెంచిన చేతికి బాకీ ఉంటుంది, దెబ్బలు తింటూ కూడా పేరు బయటపెట్టని తోటివాడికి బాకీ ఉంటుంది. మనుషుల మధ్య ఉండే సంబంధాన్నే ఈ భాష ‘ఋణానుబంధం’ అంది, అంటే తీర్చవలసిన ఋణం వల్ల ఏర్పడి, అది తీరేదాకా తెగని బంధం అని అర్థం. అమెరికా టెలివిజన్‌లో రెండు దశాబ్దాల కిందట మొదలైన ‘ప్రిజన్ బ్రేక్’ ధారావాహికను ఈ మాట దగ్గర పెట్టుకుని చూస్తే, అన్నదమ్ముల ప్రేమకథగా పేరుపడ్డ ఆ కథ అసలు ఒక అప్పు చుట్టూ అల్లినదని తేలుతుంది. ఇదే మాటతో గోలకొండ, ఓరుగల్లు, మానుకోట ప్రాంతాల చెర కథలను చదివితే, వాటిలో అన్నదమ్ములుగా నిలిచింది ఎవరో, ఆ అన్నదమ్ముల తనానికి ఖర్చు పెట్టుకున్నది ఎవరో కూడా తెలుస్తుంది.

పాల్ షూరింగ్ రూపొందించిన ఆ ధారావాహిక 2005 ఆగస్టు 29న ఫాక్స్ ఛానల్‌లో ప్రారంభమై, 2009 వరకు నాలుగు సీజన్లుగా నడిచి, 2017లో మరో చిన్న సీజన్‌తో తిరిగి వచ్చింది. అమెరికా ఉపాధ్యక్షురాలి సోదరుణ్ణి చంపాడన్న అభియోగం మీద లింకన్ బరోస్ అనే వ్యక్తికి మరణశిక్ష పడుతుంది. అతని తమ్ముడు మైకేల్ స్కోఫీల్డ్ కట్టడాల పటుత్వాన్ని లెక్కకట్టే నిర్మాణ ఇంజినీరు. అన్న నిరపరాధి అని నమ్మిన ఆ తమ్ముడు, అతడున్న ఫాక్స్ రివర్ జైలుకే తననూ పంపేలా కావాలని బ్యాంకు దోపిడీ చేసి పట్టుబడతాడు. జైలు నక్షా మొత్తాన్ని తన ఒంటి మీద పచ్చబొట్టుగా, చూసేవారికి వట్టి చిత్రంలా తోచేటట్లు, ముందే పొడిపించుకుని లోపలికి వెళతాడు. పచ్చబొట్టు తెలుగు పల్లెలకు కొత్త కాదు. భర్త పేరో, పుట్టింటి గుర్తో, దేవుడి బొమ్మో చేతి మీద పొడిపించుకోవడం మూడు తరాల కిందటి వరకు మామూలు సంగతి. రక్తబంధాన్ని చర్మం మీద రాసుకోవడం అనే ఆ పాత అలవాటు ఇక్కడ జైలు నక్షాగా మారింది.

తమ్ముడు అంతకు తెగించడానికి కారణంగా కథ చూపేది ప్రేమ ఒక్కటే కాదు. తల్లి చనిపోయాక మైకేల్ చదువుకు అయిన సొమ్ము ఆమె మిగిల్చి పోయినదేనని అతడు నమ్ముతూ వచ్చాడు. ఆ సొమ్ము లింకన్ తెచ్చిన 90,000 డాలర్ల అప్పు అనీ, ఆ అప్పు తీర్చడానికి ఒప్పుకున్న పని వల్లనే అన్న హత్య కేసులో ఇరుక్కున్నాడనీ అతనికి ఆలస్యంగా తెలుస్తుంది. తాను ఇంజినీరు కావడానికి అయిన ఖర్చే అన్నను మరణశిక్ష దాకా నడిపించిందని తెలిసిన మనిషికి జైలు గోడ అడ్డంకిగా కనిపించదు. అది వాయిదా దాటిన పత్రంలా కనిపిస్తుంది. పెద్ద కొడుకు చదువు మానేసి అరకపట్టి తమ్ముణ్ణి పట్నం పంపిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్న తెలుగు దేశంలో ఈ లెక్కకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అంతకంటే తెలివైన అల్లిక ఇంకొకటి ఉంది. చనిపోయాడని లోకం నమ్మిన ఉపాధ్యక్షురాలి సోదరుడు అసలు చనిపోనే లేదు. అతణ్ణి దాచి, మరొకడిని మరణశిక్షకు పంపే కుట్ర నడిచింది. అంటే కథలో ఎదురెదురుగా నిలిచినవి రెండు తోబుట్టువుల బంధాలే. ఒకటి తనవాణ్ణి కాపాడుకోవడానికి పరాయివాణ్ణి బలిపెడితే, రెండోది తనను తానే పణంగా పెట్టింది. అయితే రెండో బంధం కూడా పరాయివాళ్లను పూర్తిగా వదిలిపెట్టిందా అన్నది ఆ ధారావాహిక సూటిగా అడగని ప్రశ్న.

ఎందుకంటే ఫాక్స్ రివర్ నుంచి బయటపడింది అన్నదమ్ములిద్దరే కాదు, మొత్తం ఎనిమిది మంది. వారిలో మైకేల్‌తో ఒకే గది పంచుకున్న ఫెర్నాండో సుక్రే ఒక్కడే అన్నదమ్ముడన్న పేరుకు తగినవాడు. మొదట భయపడి వేరే గదికి మారిపోయి, తరువాత తనంతట తానే తిరిగి వచ్చి తోడు నిలుస్తాడు. మిగిలినవారు బెదిరించో, బేరమాడో జట్టులోకి జొరబడినవారు. ముఠా నాయకుడు అబ్రూజీకి కావలసింది తనను పట్టించిన సాక్షి ఆచూకీ. ముసలి ఖైదీ వెస్ట్‌మోర్‌లాండ్ దాచిన డబ్బు జాడ చెప్పి, తాను గోడ దాటకుండానే ప్రాణం వదులుతాడు. ఆస్పత్రి గది తలుపుకు తాళం వేయకుండా వదిలి తన ఉద్యోగాన్నీ ప్రాణాన్నీ ప్రమాదంలో పడవేసుకున్నది డాక్టర్ సారా. అన్నదమ్ముల ఋణం తీరాలంటే ఇంతమంది కొత్తగా అప్పుల పాలు కావలసి వచ్చింది. మొదటి సీజన్‌లోని 22 భాగాలు ఈ బరువును మరచిపోకుండా నడిచాయి. తరువాతి సీజన్లలో కుట్ర మీద కుట్ర పేర్చుకుంటూ పోయిన కొద్దీ, లెక్క రాసేవాడు పద్దు పుస్తకాన్ని ఎక్కడో పెట్టి మరచిపోయినట్లు తోస్తుంది.

రసీదుతో తెరుచుకున్న తలుపు

తెలుగువారి ఊహలో పేరుపొందిన చెర విడుదల కథ గోలకొండలో జరిగింది. అందులో గోడ దూకడమే లేదు. పదిహేడో శతాబ్దిలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా, అంటే శిస్తు వసూలు చేసి ఖజానాకు జమకట్టే అధికారిగా ఉన్న కంచర్ల గోపన్న, ఆ సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడన్న నేరం మీద గోలకొండ కోటలో ఖైదయ్యాడని సంప్రదాయం చెబుతుంది. అబుల్ హసన్ కుతుబ్ షా, ప్రజల నోట తానీషా, అప్పటి పాలకుడు. గోపన్నకు మేనమామలైన అక్కన్న, మాదన్న ఆ దర్బారులోనే అధికారం చలాయించిన అన్నదమ్ములు. రక్తబంధం, పదవి రెండూ ఉన్న ఆ అన్నదమ్ములు విడిపించలేని మనిషిని మరో అన్నదమ్ముల జంట విడిపించిందన్నదే ఈ కథ గొప్పదనం. రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు బంట్లు రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లి, ఆరు లక్షల వరహాలు చెల్లించి, రసీదు రాయించుకుని, దాన్ని గోపన్న తలాపున పెట్టి పోయారని చెబుతారు. దేవుడే దిగివచ్చినా తాళం పగలగొట్టకుండా బాకీ కట్టి రసీదు తీసుకున్నాడని చెప్పుకోవడం భక్తి కంటే ఎక్కువగా ఈ నేల వ్యవహార జ్ఞానాన్ని తెలుపుతుంది. చెరలో ఉండగా గోపన్న పాడాడని చెప్పే కీర్తనల్లో చేయించిన నగల ఖర్చు ఒక్కొక్కటిగా ఎత్తి దేవుణ్ణి నిలదీయడం కూడా అప్పిచ్చినవాడి గొంతే. గోలకొండలో ఆ గది, గోడ మీద చెక్కిన బొమ్మలు ఇప్పటికీ చూపిస్తారు. అక్కన్న మాదన్నలు మాత్రం 1686లో గోలకొండ వీధిలోనే హత్యకు గురయ్యారు.

ఓరుగల్లుకు వస్తే లెక్క మారుతుంది. 1897లో వేదం వేంకటరాయశాస్త్రి రచించిన ‘ప్రతాపరుద్రీయ నాటకం’ తెలుగులో చెర విడిపించే ఇతివృత్తానికి మొదటి పెద్ద రంగస్థల రూపం. కాకతీయ ప్రభువు ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తాను మనుషుల మోసానికి చిక్కి బందీ అయితే, మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ చేరి ప్రభువును విడిపించడం అందులోని కథ. పదహారో శతాబ్దిలో ఏకామ్రనాథుడు వచనంలో రాసిన ‘ప్రతాపరుద్ర చరిత్రము’ మొదలు యుగంధరుడి పేరు ఈ ప్రాంతపు కథల్లో తిరుగుతూనే ఉంది. ఈ నాటకానికి సాహిత్య చరిత్రలో దక్కిన కీర్తి మరొకందుకు. పాత్రోచిత భాష, అంటే ఏ పాత్ర కులానికి, వృత్తికి, చదువుకు తగిన మాటతీరును ఆ పాత్రకే ఇవ్వడం అనే పద్ధతిని శాస్త్రి దీనిలో పట్టుదలగా వాడాడు. రాజు, మంత్రి గ్రాంథికంలో మాట్లాడుతుంటే చాకలి పేరిగాడు తన ఇంటి భాషలో మాట్లాడి ప్రేక్షకుల మనసు దోచుకున్నాడు. నాటకం స్వామిభక్తిని గురించినది. స్వామిభక్తి అంటే తిన్న ఉప్పుకు కట్టుబడి ఉండటం, పైవాడికి కిందివాడు పడ్డ బాకీ తీర్చడం. అన్నదమ్ముల మధ్య అప్పు ఎటునుంచి ఎటైనా పారుతుంది, స్వామిభక్తిలో అది కిందినుంచి పైకే పారుతుంది. ప్రేక్షకులు నవ్వుతూ గుర్తుంచుకున్నది పేరిగాణ్ణి, బిరుదులు దక్కింది మంత్రికి.

చరిత్రలో ఆ విడుదల జరగనే లేదు. 1323లో ఉలుఘ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి పంపితే, ఆయన దారిలో నర్మదా తీరాన మరణించాడని కొద్ది సంవత్సరాల తరువాతి విలస తామ్రశాసనం చెబుతుంది. ఒక శతాబ్దం తరువాతి, 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం ఆయన తన ఇచ్ఛతోనే దేహం వదిలాడని సూచిస్తుంది. ఆయనతోపాటు పట్టుబడిన సేనాని గన్నమ నాయకుడు మతం మారి, మాలిక్ మక్బూల్‌గా పేరు మార్చుకుని, ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో ఢిల్లీ సల్తనత్ ప్రధానమంత్రి పదవి దాకా ఎదిగాడు. యుగంధరుణ్ణి కల్పించుకున్న జాతికి గన్నమ నాయకుడి మీద ఒక్క నాటకమూ రాయాలనిపించకపోవడం సహజమే అయినా, విశ్వాసం గురించి ఆలోచించేవారికి రెండో మనిషే ఎక్కువ పని పెడతాడు. బందీగా వెళ్లి బతికినవాడు ఎవరికి బాకీ, పోయిన ప్రభువుకా, ప్రాణం నిలిపిన కొత్త ప్రభువుకా అన్నది తేలికగా తెగే ప్రశ్న కాదు. రామాయణంలో విభీషణుడు, కుంభకర్ణుడు ఈ ప్రశ్ననే రెండు చివరల నుంచి ఎదుర్కొన్నారు. ధర్మం కోసం అన్నను వదిలినవాడికి పూజలు అందాయి, కానీ ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెతలో నింద కూడా అతనికే మిగిలింది. అన్న తప్పు చేస్తున్నాడని తెలిసీ అన్నవైపే నిలిచి చనిపోయిన కుంభకర్ణుడి మీద అలాంటి సామెత పుట్టలేదు. తెలుగు నుడికారం ఎటు మొగ్గుతుందో దాన్నిబట్టి గ్రహించవచ్చు.

తుర్రంఖాన్ చెప్పని పేరు

తెలంగాణలో ఎవరైనా గొప్పలకు పోతే ‘నువ్వేమన్న తుర్రంఖాన్‌వా’ అనడం వాడుక. ఆ మాట వెనుక మనిషిగా జనం చెప్పుకునే తుర్రెబాజ్ ఖాన్ కథ ఈ గడ్డ మీద చెర, సహవాసం, మౌనం మూడూ కలిసిన నిజ చరిత్ర. 1857 తిరుగుబాటు కాలంలో బుల్దానా ప్రాంతంలోని సైనికదళం నుంచి ధిక్కరించి వచ్చిన జమాదారు చీదా ఖాన్, అతని వెంట ఉన్న కొందరు సిపాయిలు నిజాం రాజ్యం తమకు నీడనిస్తుందన్న ఆశతో హైదరాబాదు చేరారు. జమాదారు అంటే చిన్న దళానికి పెద్ద. నిజాం ప్రధానమంత్రి సాలార్‌జంగ్ వారిని పట్టించి, కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. రెసిడెన్సీ అంటే నిజాం దర్బారులో ఉండే కంపెనీ ప్రతినిధి నివాసం, కార్యాలయం. ఆశ్రయం కోరి వచ్చినవాణ్ణి శత్రువుకు అప్పగించడం అన్న ఆ ఒక్క చర్యతో నగరంలో పాత బాకీ ఒకటి తెగిపోయినట్లయింది. 1857 జూలై 17, శుక్రవారం నాడు, మౌల్వీ అలావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ నాయకత్వంలో కొన్ని వందల మంది, ఎక్కువగా అఫ్గాన్ మూలాలున్న రోహిల్లా సైనికులు, రెసిడెన్సీ మీదికి నడిచారు.

ఈ దాడిని దేశభక్తి ఘట్టంగా చెప్పుకోవడం పరిపాటి, అది సరైనదే. అయితే ఆ జనం పైకి చెప్పుకున్న తక్షణ ఉద్దేశం చీదా ఖాన్‌ను, అతని తోటివారిని విడిపించడం. ఆ రకంగా చూస్తే ఇది చెరలో ఉన్నవారి కోసం బయటివారు చేసిన ప్రయత్నం, పైగా వారిలో చాలామందికి ఆ ఖైదీలు చుట్టాలూ కారు, ఊరివారూ కారు. పుత్లీబౌలి వైపున్న రెండు ఇళ్లలో మాటువేసి రాత్రంతా కాల్పులు జరిపినా, రెసిడెన్సీ ఫిరంగుల ముందు వారి బలం నిలవలేదు. తెల్లవారేసరికి జట్టు చెదిరిపోయింది. కొద్దిరోజుల్లోనే తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. మౌల్వీ తప్పించుకున్నాడు. విచారణలో ఎంత ఒత్తిడి చేసినా మౌల్వీ ఎక్కడున్నాడో తుర్రెబాజ్ చెప్పలేదు. అతనికి ద్వీపాంతరవాసం, అంటే సముద్రం దాటించి అండమాన్ దీవుల్లో యావజ్జీవం ఉంచే శిక్ష, విధించారు.

శిక్ష అమలుకు ముందే, 1859 జనవరి 18న, తుర్రెబాజ్ ఖాన్ చెరనుంచి మాయమయ్యాడు. కాపలాలో ఎవరో ఒకరు కళ్లు మూసుకోకుండా అలాంటి పలాయనం సాధ్యమయ్యేది కాదన్నది తేలికగా ఊహించగలిగినదే. రెసిడెన్సీ దాడికి వచ్చిన వందల మంది చేయలేకపోయిన పనిని ఆ కాపలావాళ్లలో పేరు తెలియని ఒకరిద్దరు చేశారు. పట్టిచ్చినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. ఆరు రోజుల తరువాత, జనవరి 24న, తూప్రాన్ దగ్గర మీర్జా ఖుర్బాన్ అలీ బేగ్ అనే అధికారి చేతుల్లో తుర్రెబాజ్ హతమయ్యాడు. శవాన్ని నగరానికి తెచ్చి జనం చూడటానికి వేలాడదీశారు. మౌల్వీ అలావుద్దీన్ తరువాత పట్టుబడి అండమాన్ చేరి అక్కడే చనిపోయాడు. ఏడాదిన్నర పాటు నోరు విప్పకుండా ఒకడు కాపాడిన మనిషికి చివరికి దక్కింది ఆ కాపాడినవాడికి రాసిపెట్టిన శిక్షే. మౌనం వల్ల ప్రయోజనం ఏమి కలిగిందని లెక్కలు వేసేవారికి ఇక్కడ జమ వైపు పద్దు ఖాళీగా కనిపిస్తుంది. అయినా జనం నోట ధైర్యానికి కొలతగా మిగిలింది ఆ పేరే. కోఠిలో ఒక రోడ్డు ఇప్పుడు ఆయన పేరుతో ఉంది.

అన్న అనే పిలుపు

కేసముద్రం, మానుకోట, జనగామ ప్రాంతంలో అన్నదమ్ములు అన్న మాట ఒక తల్లి పిల్లలకే పరిమితమై ఉండలేదు. రక్తబంధం విషయంలో ఈ ప్రాంతానికి లోటు లేదు. కేసముద్రం పక్కనున్న ఇనుగుర్తి నుంచి 1922లో ‘తెనుగు పత్రిక’ వెలువరించిన ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు పల్లెటూళ్లో ముద్రణాలయం పెట్టి ఇద్దరూ ఒకే పేరుగా, ఒద్దిరాజు సోదరులుగా, బతికారు. ఇద్దరిలో ఎవరు ఏది రాశారో విడదీయడం పరిశోధకులకే పరీక్ష. అయితే 1940ల నాటి సంఘం, అంటే నాలుగణాల చందా కట్టి చేరిన ఆంధ్రమహాసభ, ఊళ్లలోకి వచ్చాక ‘అన్న’ అన్న పిలుపు కులం, ఇంటిపేరు దాటి వ్యాపించింది. దొర ముందు వంగి నిలబడిన మనిషికి వరస కలిపి పిలిచే హక్కు దొరకడం చిన్న మార్పు కాదు. ఆ పిలుపు జైలు లోపలికి కూడా వెళ్లింది.

మానుకోట తాలూకా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి కృష్ణమాచార్యను నిజాం ప్రభుత్వం వరంగల్ జైలులో, ఆపైన నిజామాబాద్ కోటలోని జైలులో ఉంచింది. అక్కడ ఆయనకు తోడైన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్నప్పుడు ఇళ్లలో వంట చేసి బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు మోసుకుని ఊరూరా అమ్మిన మనిషి. పళ్లు తోముకునే బొగ్గుతో దాశరథి జైలు గోడల మీద నిజాం మీద పద్యాలు రాశాడన్న సంగతి తెలుగు పాఠకులందరికీ తెలిసినదే. విడుదలయ్యాక 1949లో వచ్చిన తన మొదటి కవితా సంపుటి ‘అగ్నిధార’ను ఆయన ఆళ్వారుస్వామికి అంకితమిచ్చాడు. తమ్ముడు రంగాచార్య కూడా నిజాం వ్యతిరేక పోరాటంలోనే నడిచి, తరువాత ‘చిల్లర దేవుళ్లు’ వంటి నవలల్లో ఆ కాలాన్ని భద్రపరిచాడు. సొంత తమ్ముడున్న కవి మొదటి పుస్తకాన్ని గది పంచుకున్నవాడికి ఇవ్వడంలో ఆ కాలపు సోదరభావం ఎటు విస్తరించిందో తెలుస్తుంది. ఇంకో ముఖ్య విషయం ఉంది. ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ అన్న పేరుతో రాసిన కథల్లో మనుషులు రాజకీయ ఖైదీలు కారు; దొంగతనమో హత్యో చేసి వచ్చిన మామూలు నేరస్థులు. ధారావాహికలో అన్నదమ్ములకు మెట్లుగా మాత్రమే పనికివచ్చిన తోటి ఖైదీలను, వారు ఎందుకు అక్కడికి వచ్చారో అడిగి, ఒక్కొక్కరికి ఒక కథ ఇచ్చిన తెలుగు రచయిత ఆయన.

ఆ పోరాటకాలంలో పలాయనాలూ జరిగాయి. 1947లో డాక్టర్ రాజ్ బహదూర్ గౌర్, జవాద్ రజ్వీ ఉస్మానియా ఆస్పత్రిలో కాపలా కళ్లుగప్పి అజ్ఞాతంలోకి వెళ్లారు. చాలా ఏళ్ల తరువాత, మరో ఉద్యమకాలంలో, 1984 జనవరిలో అదే ఆస్పత్రి ఖైదీల వార్డు నుంచి కొండపల్లి సీతారామయ్యను ఆయన అనుచరులు తప్పించారు. వరంగల్ ప్రాంతంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, పీపుల్స్‌వార్ పార్టీని నిర్మించిన ఆయనను 1991లో ఆ పార్టీయే బహిష్కరించింది. ప్రాణాలకు తెగించి తప్పించిన సోదరభావం ఏడేళ్లలో తీర్మానంగా మారి ఆయనను బయటికి పంపింది. అన్న అన్న పిలుపు ఒక సిద్ధాంతానికి కట్టుబడినప్పుడు బాకీ మనిషికి కాక సిద్ధాంతానికి చెందుతుందన్న కఠిన నియమం ఇక్కడ బయటపడింది. రక్తబంధంలో బహిష్కరణ తీర్మానాలు ఉండవు. అది దాని బలమూ, గుడ్డితనమూ.

లింకన్ బరోస్‌లాగా మరణశిక్ష తేదీ కోసం ఎదురుచూసిన మనుషులు తెలంగాణ పోరాటంలోనూ ఉన్నారు. సాయుధ పోరాట కాలపు హత్యా నేరాల కింద మరణశిక్ష పడిన తెలంగాణ రైతుల తరఫున బ్రిటిష్ న్యాయవాది డి. ఎన్. ప్రిట్ భారతదేశానికి వచ్చి వాదించాడు. జనార్దనరెడ్డి వర్సెస్ హైదరాబాదు రాష్ట్రం అన్న పేరుతో 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన వ్యాజ్యాలు వీరివే. కోర్టులో వాదన నెగ్గకపోయినా, బయట నడిచిన ఆందోళన ఆగలేదు. చివరికి ఉరిశిక్షలు యావజ్జీవ శిక్షలుగా మారాయి. ఇక్కడ గోడకు కన్నం వేసినవారెవరూ లేరు. చందాలు పోగుచేసినవారు, సంతకాలు సేకరించినవారు, ఇంగ్లండు నుంచి వచ్చి తనకు ఏ బాకీ లేని రైతుల కోసం నిలబడిన వకీలు ఉన్నారు. టెలివిజన్‌కు పనికివచ్చే ఉత్కంఠ ఇందులో తక్కువే, కానీ ప్రాణాలు దక్కింది ఈ దారిలోనే.

చట్టం ఎవరిని మన్నిస్తుంది

చెర నుంచి తప్పించుకున్న మనిషికి ఆశ్రయమివ్వడం భారత చట్టం ప్రకారం నేరం. పాత శిక్షాస్మృతిలో 216వ సెక్షనుగా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 253వ సెక్షనుగా కొనసాగుతోంది. దీనికి ఒకే మినహాయింపు ఉంది: ఆశ్రయమిచ్చినది భార్యో భర్తో అయితే ఈ సెక్షను వర్తించదు. తల్లి, తండ్రి, అన్న, తమ్ముడు ఈ మినహాయింపులో లేరు. అంటే అర్ధరాత్రి తలుపు తట్టిన తమ్ముడికి అన్నం పెట్టిన అన్న చట్టం దృష్టిలో నేరస్థుడే, వదిన ఒక్కతే దాచిన నేరం లేనిది, అదీ తన భర్త తలుపు తట్టినప్పుడు మాత్రమే. సారె పెట్టి పంపిన చెల్లెలి ఇల్లు ఆపదలో ఆఖరి గమ్యమని నమ్మే సమాజానికి, దాంపత్యాన్ని తప్ప మరో బంధాన్ని గుర్తించని ఈ నియమం వింతగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

ఊళ్లలో సోదరభావానికి అసలు పరీక్ష మరోచోట జరుగుతుంది. నిందితుడికి బెయిలు రావాలంటే జామీను కావాలి. జామీను అంటే ఆ మనిషి వాయిదాలకు తప్పకుండా హాజరవుతాడని మరొకరు పూచీపడటం. తెలంగాణ మాటల్లో జమానతు ఉండటం. పూచీ పడినవాడు తన ఆస్తికి రుజువుగా పట్టాదారు పాసుపుస్తకమో, ఇంటి పన్ను రసీదో కోర్టులో చూపించవలసి ఉంటుంది. నిందితుడు పరారైతే పూచీ మొత్తాన్ని ఆ జామీనుదారే కట్టవలసి వస్తుంది. రెండెకరాల పట్టా ఉన్న రైతు పక్కింటివాడి కొడుకు కోసం బోనుముందు నిలబడి తన పేరు చెప్పినప్పుడు, అతడు పెడుతున్నది సంతకం ఒక్కటే కాదు, వానాకాలం పంట వేసుకునే నేల కూడా. తప్పించుకోవడం వీరగాథ అయ్యే కథల్లో ఈ మనిషి కనిపించడు, ఎందుకంటే అతడు కనిపిస్తే హీరో పరుగుకు అర్థం మారిపోతుంది. తుర్రెబాజ్ ఖాన్ కాపలావాడు, డాక్టర్ సారా, చాకలి పేరిగాడు, పాసుపుస్తకం పట్టుకొచ్చిన రైతు ఒకే వరసలో నిలబడవలసినవారు.

ఈ కథలకు ఆధారమైన కట్టడాలు ఒక్కొక్కటిగా రూపు మారుతున్నాయి. ఫాక్స్ రివర్‌గా తెరమీద కనిపించిన ఇలినాయ్‌లోని జోలియెట్ జైలు 2002లోనే మూతపడింది, ఇప్పుడు టికెట్ కొని చూసే ప్రదేశమైంది. నిజాం కాలంలో 1886లో కట్టిన వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో కూల్చివేసి, ఆ స్థలంలో 24 అంతస్తుల ఆస్పత్రి నిర్మాణం మొదలుపెట్టారు. మామునూరు దగ్గర కొత్త జైలుకు స్థలం కేటాయించారు. ఖైదీలను చర్లపల్లి వంటి ఇతర జైళ్లకు తరలించారు. కేసముద్రం, మానుకోట పల్లెల నుంచి ములాఖత్‌కు, అంటే ఖైదీని చూడటానికి అధికారులిచ్చే కొద్ది నిమిషాల సమయానికి, వెళ్లే తల్లులకూ అన్నదమ్ములకూ ఒకప్పుడు ఉదయం ప్యాసింజరెక్కి ఓరుగల్లులో దిగితే సరిపోయేది. ఇప్పుడు వారు కాజీపేట దాటి, మరో రెండు గంటల పైన ప్రయాణం చేసి, చేతిసంచిలో అరటిపళ్లు, ఉతికిన లుంగీ, ఆధార్ కార్డు పెట్టుకుని, చర్లపల్లి గేటు దగ్గర వరుసలో నిలబడుతున్నారు.